బూరలు తీసివేసినా నిలిచిన పాట

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: 46వ కీర్తన

ఈ ప్రసంగాన్ని రేడియోలో విన్నవారిలో కొందరు, అందులో వచ్చిన పేర్లూ సంవత్సరాలూ సరిగా అందలేదనీ, పత్రికలో వేయమనీ కోరుతూ ఉత్తరాలు వ్రాశారు. వారి కోరిక మీద, అక్కడ సమయం చాలక విడిచిపెట్టిన సంగతులు కూడా కలిపి ఇక్కడ ఇస్తున్నాను. చదవడానికి ముందు మీ బైబిలు తెరచి 46వ కీర్తన ఒకసారి చూడండి. పదకొండు వచనాలే. రెండవ, మూడవ వచనాల దగ్గర కొంచెం ఆగండి. సముద్రం పొంగడం గురించి అక్కడ ఉన్న మాటలు మన తీరప్రాంతం వారికి బాగా అర్థమవుతాయి.

సంస్కరణ దినం దగ్గరపడిన ఒక అక్టోబరు నెలాఖరులో తెనాలి, రేపల్లె, బాపట్ల మూడు ఊళ్ళలో కూటాలకు నన్ను పిలిచారు. ప్రతిచోటా ఒకే పాట గురించి చెప్పాను. మార్టిన్ లూథర్ 46వ కీర్తన ఆధారంగా వ్రాసిన దుర్గము పాట. దాని తెలుగు అనువాదం మన లూథరన్ సంఘాలలో అక్టోబరు 31న పాడుతూనే ఉంటారు. అదే పాట మీద జర్మనీ దేశపు సంగీతకారుడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ఒక కాంటాటా కట్టాడు. ఆయన రచనల పట్టికలో అది 80వ సంఖ్య. దాని రికార్డింగులు కొన్ని వెంట తీసుకువెళ్ళి, కొంత కొంత వినిపించి మాట్లాడాను.

బాపట్లలో కూటం ముగిశాక, కుర్చీలు సర్దుతుండగా, డెబ్బైకి దగ్గరపడిన ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, దేవుడు దుర్గమని చెప్పారు. బాగుంది. డెబ్బైఏడు ఉప్పెనలో మావాళ్ళు పరుగెత్తింది దేవుని గుడిలోకే గదండీ. ఆ గోడలే వాళ్ళమీద పడ్డాయి. మరి దుర్గమంటే ఏంటండీ?" అని అడిగింది.

నాకు జవాబు రాలేదు. వేదాంత కళాశాలలో చదివిన చదువు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "అమ్మా, ప్రార్థన చేద్దాం" అన్నాను. చేశాను. ఆమె ఆమేన్ అంది గాని, ఆమె ప్రశ్న నాతోనే ఇంటికి వచ్చింది. ఈ ప్రసంగం ఆ ప్రశ్నలోనుండి పుట్టినది. జవాబు కోసం ముందుగా ఆ పాట ఎక్కడనుండి వచ్చిందో, ఎవరి చేతులలోగుండా మనదాకా వచ్చిందో చూద్దాం.

తెగులు దినాలలో పుట్టిన పాట

లూథర్ ఈ పాట 1527కూ 1529కూ మధ్య వ్రాశాడని చరిత్రకారులు చెబుతారు. మనం పండుగనాడు గొంతెత్తి పాడతాము గనుక, ఇది ఏదో విజయోత్సవంలో పుట్టిందని అనుకుంటాము. ఆ సంవత్సరాలు చూడండి. 1527లో విట్టెన్‌బర్గ్ పట్టణానికి తెగులు వచ్చింది. విశ్వవిద్యాలయాన్ని వేరే ఊరికి తరలించారు. వెళ్ళగలిగినవారు వెళ్ళిపోయారు. లూథర్ వెళ్ళలేదు. గర్భవతిగా ఉన్న భార్య కేథరీనాతో అక్కడే ఉండి, రోగులను ఇంట్లో చేర్చుకున్నాడు. ప్రాణాంతకమైన తెగులు వచ్చినప్పుడు క్రైస్తవుడు పారిపోవచ్చునా అనే చిన్న పుస్తకం వ్రాసింది కూడా ఆ సంవత్సరమే. 2020, 2021లలో కరోనా కాలంలో మనలో అనేకులు ఆ పుస్తకాన్ని మళ్ళీ వెదికి చదువుకున్నాము.

ఆ డిసెంబరులో వారికి ఎలిజబెత్ అనే ఆడబిడ్డ పుట్టింది. 1528 ఆగస్టులో, ఏడాదైనా నిండకుండా, ఆ బిడ్డ చనిపోయింది. పాట నాలుగవ చరణంలో లూథర్ ఆస్తి, ప్రాణం, బిడ్డలు, భార్య అని వరుసగా లెక్కపెట్టి, ఇవన్నీ పోయినా దేవుని రాజ్యం మనకు మిగులుతుందంటాడు. ఆ వరుసలో బిడ్డల పేరు ఊరికే చేర్చింది కాదు. ఆ ఇంట ఒక చిన్న ఊయల ఖాళీ అయిన కాలమది.

దీన్ని మనస్సులో పెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరకే వస్తాము.

కాంటాటా అంటే

కాంటాటా అనే మాట మనలో చాలామందికి కొత్త. మన పెద్దలకు హరికథ తెలుసు. హరికథలో కథకుడు కొంత వచనంగా చెబుతాడు, కొంత పాటగా పాడతాడు, అందరికీ తెలిసిన కీర్తన వచ్చినప్పుడు వినేవాళ్ళు గొంతు కలుపుతారు. క్రీస్తు చరిత్రను కూడా మనవాళ్ళు హరికథగా, బుర్రకథగా చెప్పుకున్నారు. కాంటాటా కూడా ఇంచుమించు ఆ వరుసలోదే. ఒకరు మాటలాడినట్టుగా పాడే భాగాలుంటాయి, ఒంటరి గాయకులు పాడే పాటలుంటాయి, బృందం పాడే సంఘకీర్తన ఉంటుంది. లైప్జిగ్ పట్టణంలో దీన్ని ఆరాధనలో సువార్త పఠనం తరువాత, ప్రసంగానికి ముందు పాడేవారు. అంటే అది సంగీతంలో చేసే ప్రసంగం.

బాఖ్ 1685లో పుట్టి 1750లో చనిపోయాడు. 1723 నుండి మరణం వరకు లైప్జిగ్‌లో సెయింట్ థామస్ చర్చి బడికి సంగీత గురువుగా పనిచేశాడు. ఆయన సంఘ కాంటాటాలలో మనకు మిగిలినవి దాదాపు రెండు వందలు. ఆయన ఇల్లు కూడా దుఃఖం ఎరుగనిది కాదు. మొదటి భార్య 1720లో చనిపోయింది. ఇద్దరు భార్యలకు కలిపి పుట్టిన ఇరవైమంది బిడ్డలలో పదిమంది చిన్నవయసులోనే పోయారు.

80వ కాంటాటాను ఆయన ఒక్కసారిగా కట్టలేదు. 1715లో వైమార్‌లో ఉన్నప్పుడు, సలోమో ఫ్రాంక్ అనే కవి మాటలకు, శ్రమదినాలలో ఒక ఆదివారం కోసం ఒక కాంటాటా వ్రాశాడు. లైప్జిగ్‌లో శ్రమదినాలలో కాంటాటాలు పాడే అలవాటు లేదు. అందుచేత ఆ పాత సంగీతాన్ని తీసుకొని, లూథర్ పాటలోని నాలుగు చరణాలనూ అందులో అమర్చి, సంస్కరణ దినానికి తగినట్టుగా కొన్ని సంవత్సరాల కాలంలో పెంచుకుంటూ వచ్చాడు. మొత్తం ఎనిమిది భాగాలు. వినడానికి అరగంటకు కొంచెం తక్కువ పడుతుంది.

మొదటి భాగం వినేటప్పుడు ఒక సంగతి గమనించండి. మధ్యలో నాలుగు స్వరాల బృందం లూథర్ మొదటి చరణాన్ని ఒకరి వెంట ఒకరు అల్లుకుంటూ పాడుతుంది. వారికి పైన, మన సన్నాయి వంటి ఓబో వాయిద్యాలు ఆ కీర్తన బాణీని నిదానంగా, సాగదీసి వాయిస్తాయి. కొద్దిసేపటికే అన్నిటికంటే క్రింద, బరువైన తంతి వాయిద్యాలూ ఆర్గానూ అదే బాణీని అందుకుంటాయి. పైన ఆ కీర్తనే, క్రింద ఆ కీర్తనే. మధ్యలో మనుష్యుల గొంతులు. సంగీతం చదువుకోని నాలాంటివానికి కూడా, ఒకసారి ఎవరైనా చూపిస్తే, ఇది వినబడుతుంది.

రెండవ భాగంలో పురుషస్వరం విజయం గురించి పాడుతూ ఉండగా, సన్నని పైస్వరం లూథర్ రెండవ చరణాన్ని పాడుతుంది. మన బలంతో ఏమీ కాదు, మన పక్షాన పోరాడేవాడు వేరొకడున్నాడు అని ఆ చరణం భావం. అయిదవ భాగంలో వాయిద్యాలన్నీ సుడిగాలిలా తిరుగుతుంటాయి. లోకం నిండా దయ్యాలున్నా భయపడము అనే మూడవ చరణం అది. అక్కడ బృందంలోని నాలుగు స్వరాలూ అల్లికలు మానివేసి, ఒకే బాణీని, ఒకే గొంతుగా పాడతాయి. చివరి భాగంలో నాలుగవ చరణం సామాన్యమైన సంఘకీర్తనలాగా వస్తుంది. ఆస్తి, ప్రాణం, బిడ్డలు, భార్య అన్న చరణం అదే. అక్కడ ఆర్భాటమేమీ లేదు.

క్యాసెట్టు, సీడీ

వేదాంత కళాశాలలో చదివే రోజుల్లో గ్రంథాలయంలో ఒక పాత క్యాసెట్టులో ఈ కాంటాటా మొదటిసారి విన్నాను. మొదటి భాగంలో బూరలు మ్రోగాయి, పెద్ద నగారాలు దద్దరిల్లాయి. ఒళ్ళు జలదరించింది. యెరికో గోడలు కూలినప్పుడు ఇలాగే ఉండి ఉంటుందనుకున్నాను. చాలా సంవత్సరాల తరువాత విదేశంలో ఉన్న ఒక స్నేహితుడు అదే కాంటాటా సీడీ పంపాడు. ఆతురతతో పెట్టాను. బూరలు లేవు. నగారాలు లేవు. సీడీ పాడైందేమో, నా ప్లేయరులో ఒక పక్క స్పీకరు పోయిందేమో అనుకొని తీగలు కదిపి చూశాను. ఏమీ లోపం లేదు. ఆ రికార్డింగే అంత.

తరువాత చదివి తెలుసుకున్న సంగతి ఇది. ఆ బూరలూ నగారాలూ బాఖ్ వ్రాసినవి కావు. ఆయన పెద్ద కుమారుడు విల్హెల్మ్ ఫ్రీడెమాన్, తండ్రి చనిపోయిన తరువాత, మొదటి, అయిదవ భాగాలను తీసుకొని, లాటిను మాటలు పెట్టి, మూడు బూరలూ నగారాలూ చేర్చి వేరే సందర్భాల కోసం తయారుచేసుకున్నాడు. తండ్రి స్వహస్తంతో వ్రాసిన పూర్తి ప్రతి మనకు దక్కలేదు. అల్లుడు ఆల్ట్నికోల్ వ్రాసుకున్న నకలు వల్లనే అసలు రూపం ఎలాంటిదో తెలిసింది. 19వ శతాబ్దంలో బాఖ్ రచనలన్నిటినీ అచ్చువేసిన సంఘంవారు కుమారుని బూరలను తండ్రి కాంటాటాలోనే కలిపి ముద్రించారు. ఆ పుస్తకం చూసి పాడినవారందరూ బూరలతోనే పాడారు.

అందుకే పాత రికార్డింగులలో బూరలు వినబడతాయి. 1970ల చివరలో మ్యూనిక్ బాఖ్ బృందంతో కార్ల్ రిక్టర్ చేసిన రికార్డింగు అలాంటిది. రిక్టర్ ఒక పాస్టరుగారి కుమారుడు. పెద్ద బృందం, పెద్ద ధ్వని. 1980లలో అమెరికా సంగీతవేత్త జాషువా రిఫ్కిన్ మరో దారి పట్టాడు. బూరలు తీసివేయడమే గాక, బృందంలో ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క గాయకుణ్ణే పెట్టాడు. మొత్తం నాలుగే గొంతులు. బెల్జియం దేశస్థుడు ఫిలిప్ హెర్రెవెగే 1990లో బృందంతోనే చేశాడు గాని, బూరలు లేకుండా చేశాడు. ఇంగ్లండు దేశపు జాన్ ఎలియట్ గార్డినర్, బాఖ్ మరణానికి 250 ఏళ్ళు నిండిన 2000 సంవత్సరమంతా ఊరూరా తిరుగుతూ కాంటాటాలు పాడించాడు. ఆ యాత్రలో అక్టోబరు 31న విట్టెన్‌బర్గ్ కోట చర్చిలో ఈ కాంటాటా పాడించి రికార్డు చేశాడు. లూథర్ సమాధి ఉన్న చర్చి అదే.

నాకు అన్నిటికంటే దగ్గరైనది జపాన్ రికార్డింగు. మసాకి సుజుకి అనే క్రైస్తవ సంగీతకారుడు కోబె నగరంలో పుట్టినవాడు. 1990లో ఒక బృందాన్ని స్థాపించి, 1995లో బాఖ్ సంఘ కాంటాటాలన్నిటినీ రికార్డు చేయడం మొదలుపెట్టి 2013లో ముగించాడు. కోబెలోని ఒక మహిళా విశ్వవిద్యాలయపు ప్రార్థనాలయంలో ఆ పని జరిగింది. 80వ కాంటాటా వంతు 2000ల మధ్యలో వచ్చింది. 1995 అనే సంవత్సరం చూడండి. ఆ జనవరి 17వ తేదీ తెల్లవారకముందు కోబెలో భూకంపం వచ్చింది. ఆరువేల మందికి పైగా చనిపోయారు. అదే సంవత్సరం, అదే నగరంలో, ఈ కీర్తనల రికార్డింగు ఆరంభమైంది. క్రైస్తవులు నూటికి ఒకరైనా లేరనదగిన దేశంలో.

హాలె పట్టణం, మన తెలుగు

విల్హెల్మ్ ఫ్రీడెమాన్ పనిచేసిన ఊరి పేరు హాలె. అక్కడి మార్కెట్ చర్చిలో 1746 నుండి 1764 వరకు ఆయన ఆర్గాను వాయించాడు, సంగీతం నడిపించాడు. బూరలు చేర్చింది ఆ ఊళ్ళో ఉన్నప్పుడేనని పండితులు భావిస్తారు. ఆ చర్చికి మరొక జ్ఞాపకం ఉంది. 1546 ఫిబ్రవరిలో లూథర్ చనిపోయినప్పుడు, ఆయన దేహాన్ని విట్టెన్‌బర్గ్‌కు తీసుకువెళ్తూ ఒక రాత్రి అక్కడే ఉంచారు.

హాలె పేరు తెలుగు క్రైస్తవులు మరచిపోకూడనిది. 1719లో తరంగంబాడికి వచ్చిన మిషనరీ బెంజమిన్ షుల్జ్, 1726లో మద్రాసు చేరి, అక్కడి తెలుగువారి మధ్య తెలుగు నేర్చుకున్నాడు. 1727లో క్రొత్త నిబంధనను, 1732 నాటికి పాత నిబంధనను తెలుగులోకి మార్చాడు. అవి అచ్చుకాలేదు. ఆయన 1743లో తిరిగి వెళ్ళి హాలెలో స్థిరపడ్డాడు. 1746, 1747 సంవత్సరాలలో అక్కడ చిన్న చిన్న తెలుగు క్రైస్తవ పుస్తకాలు అచ్చువేయించాడు. అందులో ప్రశ్నోత్తర బోధ పుస్తకం ఒకటి. తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకాలుగా లెక్కించేవి అవే.

చదువరులారా, తేదీలు కలిపి చూడండి. 1746లో బాఖ్ కుమారుడు హాలె మార్కెట్ చర్చిలో ఆర్గాను ముందు కూర్చున్నాడు. అదే సంవత్సరం, ఆ చర్చికి కాలినడకన పోగలిగిన దూరంలో, మన "అ ఆ"లు సీసపు అచ్చులలో పోతపోసి కాగితం మీద ఎక్కాయి. అప్పటికి లైప్జిగ్‌లో తండ్రి బాఖ్ ఇంకా బ్రతికే ఉన్నాడు. ఆ సంగీతం మనకు పరాయిదని ఎవరైనా అంటే, ఈ ఒక్క సంవత్సరం చూపించండి.

తరువాత దాదాపు నూరేళ్ళకు, 1842 జూలై 31న, జర్మనీలో పుట్టి అమెరికా సంఘం పంపగా వచ్చిన ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టాడు. ఆయన పని ఫలితంగా ఏర్పడిన సంఘాలు 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంగా కూడుకున్నాయి. మన డెల్టా పల్లెలకు దుర్గము పాట చేరింది ఆ దారినే.

తెనాలి, రేపల్లె

తెనాలి కూటంలో యౌవనులకూ పెద్దలకూ మధ్య ఒక మాట నలుగుతూ ఉంది. ఆరాధనలో రిథమ్ ప్యాడ్లు, కీబోర్డు మోత మితిమీరిందని పెద్దలు. అవి లేకపోతే పాటకు ప్రాణం లేదని యౌవనులు. "పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలకు ఈ మోతలెందుకయ్యా" అని ఒక పెద్దాయన నాతోనే అన్నారు. 1803లో పుట్టి 1890లో నిద్రించిన ఆ భక్తుడు మన రాగతాళాలలో కట్టిన కీర్తనలంటే పెద్దలకు ప్రాణం.

అక్కడ రెండు రికార్డింగులూ పక్కపక్కన వినిపించాను. మొదట బూరలతో. యౌవనులు తల ఊపారు. తరువాత బూరలు లేనిది. కాసేపు నిశ్శబ్దం. కీబోర్డు వాయించే తమ్ముడు లేచి, "అయ్యగారూ, మొదటిదానిలో ఆ క్రింది బాణీ నాకు వినబడలేదు. రెండోదానిలో వినబడింది" అన్నాడు. నేను చెప్పదలచిన మాట అతనే చెప్పాడు. బూరలు చేర్చడం పాపం కాదు. కుమారుడు తండ్రిని ప్రేమించే చేర్చాడు. దేవుని బూరలతో స్తుతించమని 150వ కీర్తనలో వాక్యమే చెబుతోంది. అయితే ఏది పాటో, ఏది పాటకు తొడిగినదో తెలిసి ఉండాలి. తొడిగినది తీసివేసినప్పుడు పాట నిలవాలి. మోత ఆగితే మన ఆరాధన కూడా ఆగిపోతుందేమో చూసుకోవలసింది మనమే. ఈ మాట యౌవనులకే కాదు. పాతదైతే చాలు, అర్థం లేకపోయినా పాడుకుందామనే పెద్దలకు కూడా.

తెనాలినుండి రైలు రేపల్లెలో ఆగిపోతుంది, అక్కడికి పట్టాలు అయిపోతాయి. రేపల్లె కూటంలో అయిదవ భాగం వినిపిస్తుండగా కరెంటు పోయింది. జనరేటరు కోసం ఎవరో పరుగెత్తారు. ఆ చీకట్లో వెనుక వరుసలోనుండి ఒక ముసలి గొంతు దుర్గము పాట తెలుగులో ఎత్తుకుంది. తక్కినవారు అందుకున్నారు. మైకు లేదు, తబలా లేదు. నాలుగు చరణాలూ అయ్యాయి. కరెంటు వచ్చాక, సీడీ మళ్ళీ పెట్టబుద్ధి కాలేదు. ప్రార్థన చేసి ముగించాను.

బాపట్ల ప్రశ్న

ఇప్పుడు ఆ తల్లి దగ్గరకు వద్దాం. 1977 నవంబరు 19, శనివారం. ఆ సాయంకాలం తుపాను మన తీరం దాటింది. ఉప్పెన దాదాపు అయిదు మీటర్ల ఎత్తున లేచి, కృష్ణకు అవతల దివిసీమను ముంచివేసింది. పదివేల మందికి పైగా చనిపోయారు. బాపట్లలో ఒక చర్చిలో తలదాచుకున్నవారి మీద ఆ కట్టడం కూలి, వందమంది దాకా దాని క్రింద పడిపోయారని అప్పటి వార్తలు. నేను పుట్టకముందు సంగతి. ఇంట్లో పెద్దలు చెప్పగా విన్నవాణ్ణే గాని చూసినవాణ్ణి కాను.

కొన్ని వారాల తరువాత ఆ తల్లిని చూడటానికి మళ్ళీ బాపట్ల వెళ్ళాను. మరునాడు ఏం జరిగిందమ్మా అని అడిగాను. "మరునాడు ఆదివారమండీ. ఆరాధన ఏముంది, గుంటలు తవ్వడమే" అంది. కొంచెంసేపు ఆగి, "ఇన్నేళ్ళూ ఆ పాట పాడుతూనే ఉన్నానండీ. అర్థమై కాదు. అమ్మ నేర్పింది గనుక" అంది.

ఇంటికి వచ్చి క్యాలెండరు చూశాను. 1977 నవంబరు 20 సంఘ సంవత్సరంలో చివరి ఆదివారం. జర్మనీలోని లూథర్ సంఘాలు ఆ దినాన, ఆ సంవత్సరం చనిపోయినవారి పేర్లు చదివి జ్ఞాపకం చేసుకుంటాయి. మనవాళ్ళకు పేర్లు చదవడానికి కూడా తీరిక లేని ఆదివారమది.

ప్రియులారా, ఆ గోడ ఎందుకు కూలిందో దేవుని తరఫున నేను చెప్పలేను. చెప్పగలనని ఎవరైనా అంటే వారిని నమ్మకండి. యోబు స్నేహితులు అలాంటి జవాబులు చెప్పే గద్దింపబడ్డారు (యోబు 42:7). అయితే ఆ పాట ఏమి చెబుతున్నదో, ఏమి చెప్పడం లేదో మాత్రం చెప్పగలను.

46వ కీర్తన నీళ్ళు రావని వాగ్దానం చేయడం లేదు. నీళ్ళు వస్తాయి, ఘోషిస్తాయి, కొండలు కదులుతాయి అని ముందే ఒప్పుకొని, అప్పుడు సైతం దేవుడు మనతో ఉన్నాడంటుంది. లూథర్ కూడా మా ఇంటి గోడ పడదని పాడలేదు. బిడ్డను పాతిపెట్టిన కాలపు మనిషి, బిడ్డలు పోయినా అని ఆ పాటలోనే వ్రాసుకున్నాడు. దుర్గము అని ఆయన పిలిచింది ఇటుకలనూ సున్నాన్నీ కాదు. దేవునినే. చర్చి భవనం ఆ దుర్గానికి గుర్తు మాత్రమే. గుర్తు కూలవచ్చు. కూలినప్పుడు నిజంగానే మనుష్యులు చనిపోతారు, ఆ దుఃఖాన్ని చిన్నది చేసి మాట్లాడే హక్కు మనకెవరికీ లేదు. అయినా వారిని పట్టుకొన్న చెయ్యి ఆ గోడతోపాటు కూలలేదని సంఘం నమ్ముతుంది (రోమా 8:38, 39).

బాఖ్ మొదటి భాగం మళ్ళీ జ్ఞాపకం తెచ్చుకోండి. పైన ఒకటే బాణీ, క్రింద ఒకటే బాణీ, మధ్యలో మన గొంతులు. గొంతులు తడబడినా పై బాణీ ఆగదు, క్రింది బాణీ ఆగదు. ద్వితీయోపదేశకాండము 33:27లో మోషే, ఇశ్రాయేలీయులకు నివాసస్థలమైన దేవునిగురించీ, వారి క్రింద నిత్యమూ ఉండే బాహువులగురించీ చెప్పాడు. బూరలు మ్రోగుతున్నప్పుడు ఆ క్రింది బాణీ మనకు వినబడకపోవచ్చు. బూరలు తీసివేయబడిన దినాన, కరెంటు పోయిన రాత్రి, గుంటలు తవ్విన ఆదివారం, అది క్రిందనే ఉంది.

ఈ మాటలే ఆ తల్లికి ఉత్తరంగా వ్రాశాను. ఆమె చదువుకోలేదు గనుక మనుమరాలు చదివి వినిపించిందట. వారం తరువాత ఫోను చేసింది. "గోడ కాదు, ఆయనే అన్నమాట" అంది. ఆ తరువాత, "అయినా మావాళ్ళు నాకు కావాలండీ" అంది. రెండూ నిజమేనమ్మా అన్నాను. పునరుత్థాన దినం వరకు రెండూ కలిపే పాడుకోవాలి.

మీ సంఘంలో ఈసారి ఆ పాట పాడినప్పుడు, నాలుగవ చరణం మాత్రం వాయిద్యాలేవీ లేకుండా పాడి చూడండి. మీ మధ్య ఉప్పెన చూసినవారు, బిడ్డను పోగొట్టుకున్నవారు ఎవరైనా ఉంటే, వారి పక్కన నిలబడి పాడండి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా గోడలు కూలినప్పుడు కూలని దుర్గముగా మాకుండుము. మేము పోగొట్టుకొన్నవారిని నీ చేతిలో భద్రపరచుము. నీ పాటను మా నోటనుండి తీసివేయకుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.